నిద్రపాఠంలో సింహాద్రి

మొదటి రోజు

సభానౌక దగ్గరికి చేరేసరికి పొద్దెక్కింది. అయినా మంచు విడలేదు. ముందుగా పొగగొట్టం ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టు కనిపించింది. చాలాసేపటికి దాని కింద మిగతా ఓడ తేలింది. ఒకప్పుడు సరుకులు మోసిన ఓడట. ఇప్పుడు ఎక్కడికీ పోదు. మునిగిపోయిన పాత రేవు మీద లంగరు వేసుకుని ఉండి, అల వచ్చినప్పుడల్లా నిద్రలో ఒత్తిగిలినట్టు కాస్త కదులుతుంది.

నా పేరు యశోద. మడదిబ్బ పోలీస్ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టర్ని. సదస్సుకు వచ్చిన ప్రతి అధికారీ ఏ రోజు సంగతి ఆ రోజు రాయాలని గుర్తింపు మండలి నియమం పెట్టింది. అందుకే ఈ రాత.

గుర్తింపు లేని స్టేషన్ ఎవరినీ ఆపకూడదు, ఎవరినీ పట్టుకోకూడదు, ఎవరింటి తలుపూ తట్టకూడదు. మా గుర్తింపు ఈ వానాకాలంతో అయిపోతుంది. మళ్ళీ కావాలంటే కొత్త కానిస్టేబుళ్ళకు చాలినంత శిక్షణ ఇచ్చామని చూపించాలి. మా కవాతు మైదానం నీళ్ళ కింద ఉంది. ఆటుకు నీళ్ళు తీసినప్పుడు దాని జెండా కర్ర కొస ఒక్కటే పైకి వస్తుంది, దాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. గుర్తింపు పోతే దిబ్బ కాపలా ఏదో కంపెనీ చేతికి పోతుంది. కంపెనీవాళ్ళు తలుపు తట్టరు. నేరుగా లోపలికొస్తారు.

నా కేబిన్‌లో కొండకోట శిక్షణాధికారి మార్తగారు ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. పెట్టె తెరవగానే ముందు ఉసిరికాయ పచ్చడి సీసా తీసి కిటికీలో పెట్టుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒక బిందె మంచినీళ్ళిచ్చారు. యూనిఫాం ఉప్పునీళ్ళతోనే ఉతికి, ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళతో జాడించాం. డెక్కు మీద తీగకు ఆరేస్తే, మంచులో ఆ చొక్కాలు మనుషులు లేకుండానే వరుసలో నిలబడ్డట్టున్నాయి.

రెండో రోజు

ఉదయమంతా ప్రసంగాలు. గుర్తింపు కొలతలు, వాటి సవరణలు, సవరణల మీద అభ్యంతరాలు. మార్తగారు కళ్ళు తెరుచుకునే కునుకు తీశారు. ఆ విద్య తనకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అబ్బిందని తర్వాత చెప్పారు.

మధ్యాహ్నం అందరినీ ఓడ అడుగున ఉన్న పెద్ద గదిలోకి తీసుకెళ్ళారు. వరుసగా పరుపులు వేసి ఉన్నాయి. మండలిలో నిద్రపాఠాల విభాగం చూసే గౌరీనాథ్ గారు వచ్చి నిలబడ్డారు. సన్నటి మనిషి. మాట కూడా సన్నం, వినాలంటే మనమే నిశ్శబ్దంగా ఉండాలి. విధుల్లో మేం పెట్టుకునే తలపట్టీ చూసిందీ విన్నదీ ఒంటికి తెలిసిందీ పట్టుకుని దాచుకుంటుంది కదా, దాన్ని నిద్రపోతున్న మరొకరికి తిరిగి ఇవ్వడమే నిద్రపాఠం అన్నారు. ఒక్క నిద్ర నెలరోజుల కవాతుతో సమానమట. మండలి ఒప్పుకుంటే ఇకమీద అన్ని స్టేషన్లలోనూ శిక్షణ ఇదే అవుతుంది. నా మనసు తేలికపడింది. నిద్రపోవడానికి మైదానం అక్కర్లేదు.

పట్టీ కట్టుకుని పడుకున్నాను. ఓడ ఊగుతోంది. ఆ ఊగడమే మెల్లగా పడవ ఊగడం అయింది.

నేను పడవ ముందు కొసన నిలబడి ఉన్నాను. తెల్లవారుతోంది. నీళ్ళు పాలలా ఉన్నాయి. ఎదురుగా తేలే ఇల్లొకటి, తాటాకు కప్పు, గుమ్మంలో వెలుగుతున్న దీపం. చుట్టూ ఉన్న ఇళ్ళన్నిటినీ పడవలు అప్పటికే లాక్కెళ్ళిపోయాయి. తుఫాను వస్తోంది, వాడ ఖాళీ చెయ్యాలి, ఇదొక్కటే మిగిలింది. ఇంటి అరుగు మీద లంగరు తాడు పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో వలలు కోసే కత్తి. దగ్గరికొస్తే తాడు కోసేస్తానంటున్నాడు. కోస్తే ఇల్లు అతనితో సహా ప్రవాహంలోకి పోతుంది.

నా గొంతు నాది కాని గొంతుతో అంది: "సింహాద్రీ, ఆ ఇల్లు నీది. నిన్నూ నీ ఇంటినీ కలిపే తీసుకెళ్తాం. కత్తి కింద పెట్టు."

అతను చాలాసేపు నా వంక చూశాడు. ఒక కొంగ మా ఇద్దరి మధ్య నుంచి ఎగిరిపోయింది. తర్వాత కత్తి చెక్క మీద పెట్టి చెయ్యి చాచాడు. తడిగా, గరుగ్గా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. పడవ ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు. ఇల్లు మా వెనకే, పెంపుడు జంతువులా, దీపంతో సహా వచ్చింది. నీళ్ళన్నీ వెలుగయ్యాయి.

లేచేసరికి అందరి ముఖాలూ చంటిపిల్లల ముఖాల్లా ఉన్నాయి. ఆ సింహాద్రికి ఒక్క పూట తన చేత్తో అన్నం పెట్టాలని ఉందన్నారు మార్తగారు. నాకూ అలాగే ఉంది.

మూడో రోజు

ఓడంతా మెత్తబడింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. భోజనాల దగ్గర పళ్ళెం కోసం ఇద్దరు అధికారులు తగవు పడబోతే, మూడో ఆయన వచ్చి, ఆ పళ్ళెం నీది, నిన్నూ నీ పళ్ళేన్నీ కలిపే తీసుకెళ్తాం అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ మాట తనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చిందట.

సాయంకాలం కావస్తుండగా నిచ్చెన దగ్గర కాపలావాళ్ళు నన్ను పిలిపించారు. ఎవరో ఆడమనిషి చిన్న తెడ్ల పడవలో వచ్చింది, పైకి రానివ్వమంటోంది, మా దిబ్బ వైపు మనిషట. నేను కిందికి దిగాను. నడివయసు దాటింది. చీర మోకాళ్ళ దాకా దోపుకుని ఉంది. తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపటి నుంచి వేసుకొస్తోందో, అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

పేరు మల్లాడి నూకరత్నం అని చెప్పింది. ఏం కావాలని అడిగాను.

"మా తమ్ముడు ఇక్కడున్నాడంట కదండీ," అంది. "సిమ్మాద్రి."

మీకెవరు చెప్పారని అడిగాను. పక్క దిబ్బలో కొత్తగా చేరిన కానిస్టేబులొకడు చెప్పాడట. ముందుగా కొన్ని చోట్ల పాఠం పెట్టి చూశారని గౌరీనాథ్ గారు అన్నది గుర్తొచ్చింది. ఆ కుర్రాడు ఈమె తమ్ముడి పేరు విని ఆగి, మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని పడవెక్కాడు, నా పక్కనే కూర్చున్నాడు అన్నాడట. కల సంగతని వాడు చెప్పనే చెప్పాడు. అయినా ఈమె బయల్దేరింది.

ఇంతకీ ఆయన ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగాను.

"లేడండి. తుఫానేళ తాడు కోసేసేడు. ఇల్లు అలా మంచులోకి ఎళ్ళిపోయింది, దీపంతోటే. మళ్ళీ ఇల్లూ దొరకలేదు, ఆడూ దొరకలేదు." ఒళ్ళో తెడ్డు సరిచేసుకుని అంది. "ఆ కలలో మాత్రం కొయ్యలేదంటండి. అది నన్నో పాలి చూడనివ్వండి."

ఆమెను మా కేబిన్‌లో కూర్చోబెట్టాను. మార్తగారు ఏమీ అడక్కుండా అన్నం కలిపి పచ్చడి వేసి పెట్టారు. నేను గౌరీనాథ్ గారిని వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆయన ఓడ వెనక భాగాన పట్టీలు తుడుచుకుంటున్నారు. ఆ పని తనే చేసుకుంటారట, ఇంకొకరికివ్వరు. సింహాద్రి అక్క వచ్చిందని చెప్పాను. చేతిలో గుడ్డ ఆగిపోయింది. పాఠం చివర మార్చారా అని అడిగాను. మార్చామన్నారు. అసలుది చూపించినప్పుడు కొత్తవాళ్ళు నిద్రకు భయపడ్డారట, కొందరు ఉద్యోగమే మానేశారట. అందుకని పట్టీలో ఉన్న వేరే రోజుల ముక్కలు అతికి, అతను కత్తి దించినట్టు చేశారు. ఆ చెయ్యి వేరే ఎవరో పడవవాడి చెయ్యి.

"కానీ ఆ మాటలన్నది ఎవరు?" అన్నాను.

"నేనే," అన్నారు. "మండలికి రాకముందు నేనూ పోలీసునే. ఆ పడవలో ఉన్నది నేను. నాకు రోజూ అసలుదే వస్తుంది నిద్రలో. నా తర్వాత వచ్చేవాళ్ళకైనా ఆ మాటలు పనిచేస్తే బాగుండుననిపించింది."

అవి పనిచెయ్యలేదు కదా సార్ అన్నాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తన ఓటమిని పిల్లల నెత్తిన ఎందుకు పెట్టాలి అన్నారు చివరికి. నిజానికి నాకు ఆ పాఠం కావాలి. అది లేకపోతే మా స్టేషన్ లేదు.

నాలుగో రోజు

పొద్దున్న నిద్ర లేచేసరికి నూకరత్నం డెక్కు మీద మా చొక్కాలు మడతపెడుతోంది. చేతులు ఊరికే ఉండవండి అంది. తమ్ముడు తనకంటే పన్నెండేళ్ళు చిన్నట. తల్లి పోయాక తనే పెంచింది. ఆ ఇల్లు వాడు సొంతంగా కట్టుకున్నాడు, మునిగిన ఊళ్ళోంచి తలుపులూ దూలాలూ ఒక్కొక్కటే నీళ్ళలో మునిగి తెచ్చి. ఇంటిని లాక్కెళ్ళి ఒడ్డున పెడతాం, తర్వాత తిరిగి ఇస్తాం అని అంతకు ముందు తుఫానుకు తీసుకెళ్ళిన ఇళ్ళు కొన్ని తిరిగి రాలేదట.

ఆమెకు పాఠం చూపించడానికి గౌరీనాథ్ గారు ఒప్పుకుంటారనుకోలేదు. ఒప్పుకున్నారు. మధ్యాహ్నం పెద్ద గదిలో మేం నలుగురమే ఉన్నాం. ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తలకు పట్టీ కట్టారు. కడుతున్నప్పుడు నెమ్మదిగా, బిగువుగా ఉందా అని అడిగారు. ఆ గొంతు వినగానే ఆమె కళ్ళెత్తి ఆయన ముఖంలోకి చూసింది. లేదండి అని మాత్రం అని కళ్ళు మూసుకుంది.

ఆమె నిద్రపోతున్నంతసేపూ ఓడ పక్కన నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాం. ఒకచోట ఆమె పెదవులు కదిలాయి. ఒకచోట చెయ్యి చాచింది. నిద్రలో అంత నిండుగా నవ్విన మనిషిని నేను చూడలేదు. మార్తగారు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

లేచాక చాలాసేపు అలాగే పడుకుని ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, నవ్వు మాత్రం పోలేదు.

"బాగున్నాడండి," అంది. "ఒళ్ళు చేసేడు."

ఇంకాసేపటికి లేచి కూర్చుంది. గది నాలుగు వైపులా చూసింది, ఏదో పారేసుకున్నట్టు. తర్వాత గౌరీనాథ్ గారితో అంది:

"నేనెక్కడండీ అందులో? మీ యెనకాల రెండో పడవలో ఉన్నాను కదా. తాడు కట్టి ఆపేరు. ఆడితో నేను మాట్లాడతానండి, నన్నెళ్ళనివ్వండి అని అరుస్తానే ఉన్నాను. మీరే కదండీ యెనక్కి తిరిగి, నువ్వుండమ్మా, నీకేమన్నా అయితే మాది పూచీ అన్నారు."

గౌరీనాథ్ గారు తల వంచుకున్నారు. అవును, నేనే అన్నారు. మాట ఎంత సన్నగా వచ్చిందంటే, పెదవులు చూసి తెలుసుకున్నాను. సంఘటన జరిగే చోట బంధువులను ముందుకు రానివ్వకూడదని నియమం. ఆమె అరుపులు పాఠంలో ఉంటే నేర్చుకునేవాళ్ళ దృష్టి చెదురుతుందని తీసేశారు. అదీ చెప్పారు, ఏమీ దాచకుండా.

ఆమె కోప్పడుతుందేమో, తిడుతుందేమోనని చూశాను. పట్టీ విప్పి రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలితో దాన్ని మెల్లగా నిమిరింది.

"ఇది నాకిచ్చేయండి," అంది. "ఆళ్ళకి అసలుది ఇవ్వండి."

అయిదో రోజు

ఈ రోజు ఓటు. రాత్రి వాన పడినట్టుంది, డెక్కు మీద మళ్ళీ ఆరేసిన చొక్కాలు తడిశాయి. తడి చొక్కాతోనే సభకు వెళ్ళాను.

నిద్రపాఠానికి గుర్తింపు ఇవ్వడంపై ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అధ్యక్షులు అడిగారు. అడిగే తీరు చూస్తే ఎవరికీ ఉండదని ఆయనకు తెలుసు. అందరూ ఇంకా ఆ వెలుగు నీళ్ళ మీదే ఉన్నారు. మా స్టేషన్ గురించి ఆలోచించాను. నీళ్ళ మీద తేలే మా స్టేషన్ గదిలో నా కోసం ఎదురుచూస్తున్న కొత్త కానిస్టేబుళ్ళ గురించి ఆలోచించాను. వాళ్ళలో ఎవరో ఒకరు రేపు నిజంగా ఒక అరుగు ముందు నిలబడి, కలలో నేర్చుకున్న మాట చెప్పి, అవతలి మనిషి చెయ్యి చాస్తాడని నిశ్చింతగా చూస్తూ ఉంటారు. అతను చాచడు.

లేచాను.

పాఠం చివర చూపించినట్టు జరగలేదని చెప్పాను. అతను తాడు కోశాడని, ఇల్లు సముద్రంలోకి పోయిందని చెప్పాను. ఎలా తెలుసని ఎవరో అడిగారు. అతని అక్క పై డెక్కు మీద కూర్చుని ఉందని చెప్పాను. ఒకావిడ ఏడవసాగింది. ఒకాయన మాత్రం, నాకు కోపంగా ఉంది, ఆ మనిషిని నా దగ్గర్నుంచి లాక్కున్నట్టుంది అన్నాడు. నన్నే అన్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు.

మడదిబ్బకు వేరే శిక్షణ దారి ఉందా అని అధ్యక్షులు నన్ను అడిగారు. లేదండి అన్నాను. అయినా అభ్యంతరమేనా అన్నారు. అయినా అభ్యంతరమే అన్నాను.

అప్పుడు గౌరీనాథ్ గారు లేచారు. పాఠాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నారు. ఆ పడవలో ఉన్నది తనేనని, అసలు నమోదును ఆమె గొంతుతో సహా ఉన్నదున్నట్టు పంపుతానని, దాన్ని చూపించే ముందూ తర్వాతా మేలుకుని ఉన్న శిక్షకుడొకరు పక్కన ఉండితీరాలని చెప్పారు. అంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడి ఉండరు.

ఓటు పెట్టలేదు. మా స్టేషన్‌కు మాత్రం వచ్చే వేసవి దాకా తాత్కాలిక గుర్తింపు ఇచ్చారు. అది మార్తగారి పని. అసలు పాఠం పక్కన కూర్చునే శిక్షకులు మడదిబ్బలో లేరన్నదే అడ్డయితే నేను వెళ్తాను, నాకు సముద్రపు గాలి పడుతుంది అని లేచి చెప్పేశారు. ఆవిడకు సముద్రపు గాలి పడదు. వచ్చిన రోజు నుంచీ తుమ్ముతూనే ఉన్నారు.

నూకరత్నం పడవలోకి దిగేటప్పుడు గౌరీనాథ్ గారు నిచ్చెన కింది మెట్టు దాకా వచ్చి, పట్టీని గుడ్డలో చుట్టి ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ పెట్టుకోవద్దని, అలవాటైతే మేలుకోవడం కష్టమవుతుందని చెప్పారు. ఏడాదికోసారి పెట్టుకుంటానండి, ఆడి పుట్టినరోజుకి అంది. ఆయన చేతులు జోడించారు. ఆమె తెడ్డు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన మోచెయ్యి ఒకసారి తాకి, పడవ నెట్టుకుంది.

మడదిబ్బకు తిరిగొచ్చాక, వానలు తగ్గిన వారం

అసలు పాఠం నిన్న వచ్చింది. ముందు నేను పెట్టుకున్నాను. మార్తగారు పక్కన కూర్చున్నారు. నీళ్ళు పాలలానే ఉన్నాయి, దీపం అలాగే వెలుగుతోంది. కానీ ఈసారి వెనక నుంచి ఒక గొంతు ఆగకుండా పిలుస్తోంది. నేను తిరిగి చూడాలనుకున్నాను, నా తల తిరగదు. అది గౌరీనాథ్ గారి తల. సింహాద్రి నా వంక చూడలేదు, నా భుజం మీదుగా ఆ గొంతు వైపు చూశాడు. మేం పడవ కొంచెం ముందుకు జరిపాం. అంతే. తాడు తెగిన చప్పుడు చాలా చిన్నది. ఇల్లు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, దీపంతో సహా మంచులోకి వెళ్ళిపోయింది.

ఇవాళ ఉదయం ఎనిమిది మంది కొత్తవాళ్ళకు పెట్టాం. లేచాక ఎవరూ నవ్వలేదు. ఒకడు రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మార్తగారు వాడి వీపు రాస్తూ నిలబడ్డారు. అందరికీ చిక్కటి టీ ఇచ్చాం.

నేను కబురు పెట్టాను కాబట్టి అప్పటికే నూకరత్నం తెడ్డు వేసుకుంటూ వస్తోంది. ఎవరైనా తాడందుకోండి బాబూ అని కింద నుంచి పిలిచింది. ఆ గొంతు వినగానే ఎనిమిది మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్ళంతా ఇంతకు ముందే ఆ గొంతు విన్నారు, తల తిప్పలేక.

ఆమె వచ్చి చెక్క మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. తమ్ముడి గురించి అడిగినవన్నీ చెప్పింది. తొందరపెడితే వాడికి పడేది కాదట. కోపంలో ఉన్నప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇంకా రేగేవాడట. ఎండుచేపల పులుసంటే ప్రాణమట. వాళ్ళలో కనకలత అనే అమ్మాయి ఆమెకు దగ్గరగా జరిగి కూర్చుంది. చివర్లో అడిగింది, ఆ రోజు మిమ్మల్ని వదిలి ఉంటే ఆయనతో ఏం మాట్లాడేవారు అని.

నూకరత్నం టీ గ్లాసు పక్కన పెట్టింది.

"మాటలేటి తల్లీ," అంది. "తిన్నగా ఎళ్ళి ఆ ఇంట్లో కూకుందును. నేను లోపలుండగా తాడు కోస్తాడా ఆడు?"